రోజుకెంత వస్తది ఆంటీ?

పేదవాడిని ఉద్ధరించాలంటే ఒకప్పుడు ఎన్నికలు రావాలి. ఇప్పుడు సాయంత్రం నాలుగయితే చాలు. చొక్కాకు ఇంత మైకు తగిలించుకుని ఉద్ధారకులు బజ్జీల బండి ముందు దిగిపోతున్నారు. "ఈ అన్నకి సపోర్ట్ చేద్దాం ఫ్రెండ్స్, షేర్ కొట్టండి, ఈయన జీవితం మారిపోవాలి" అంటున్నారు. మారిపోతోంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

వీళ్లు అడిగే మొదటి ప్రశ్న మిరపకాయలు ఏ మార్కెట్లో కొంటారని కాదు. నూనె ఎన్నిసార్లు కాగబెడతారని అంతకన్నా కాదు. "రోజుకెంత వస్తది ఆంటీ?" సంపాదన ఎంతని నిలదీసే హక్కు మన దగ్గర పెళ్లిచూపుల్లో పిల్ల తరఫు పెద్దలకే ఉండేది. ఎనభై రూపాయల ప్లేటు కొన్నవాడికీ అది ఎప్పుడు సంక్రమించిందో తెలియదు.

అన్నం బండి దగ్గర ఆవిడ మొహమాటపడుతుంది. గరిటె తిప్పుతూ "ఏదో, దేవుడి దయ" అంటుంది. ఊరుకుంటాడా? "అంటే రోజుకు ఎన్ని ప్లేట్లు పోతాయి ఆంటీ?" నోరు జారి "అయిదొందలు పోతాయి నాయనా" అందో, అయిపోయింది. వెంటనే హెచ్చవేత. అయిదొందలు ఇంటూ ఎనభై, నలభై వేలు. ఇంటూ ముప్పై, పన్నెండు లక్షలు. వీడికి బళ్లో హెచ్చవేత చెప్పిన మాస్టారు తీసివేత చెప్పకుండానే రిటైరైనట్టున్నాడు. బియ్యం, చికెన్, నూనె, కమర్షియల్ సిలిండరు, గిన్నెలు తోమే ఇద్దరి కూలి, మిగిలిపోయి పారబోసిన కూర, ఆదివారం ముసురు పట్టి జనం రాని రోజు... ఇవేవీ లెక్కలోకి రావు. తెల్లారేసరికి నోరు తెరిచిన మొహం, ఎర్రటి బాణం, పసుపు అక్షరాలు: "నెలకు పన్నెండు లక్షలు! సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు దండగ!"

కింద కామెంట్లు చూడాలి. ఈఎంఐలు కట్టలేక కడుపు మండుతున్న కుర్రాళ్లంతా ఆ అన్నం గిన్నె మీద పడి ఏడుస్తుంటారు. ట్యాక్సు కడుతోందా, బిల్లు ఇస్తోందా అని ఆరాలు. అన్నట్టు, 2025లో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపితే, బెంగళూరులో ఎందరో క్యూఆర్ కోడ్ అట్టలు పీకేసి "క్యాష్ మాత్రమే" అని రాసిపెట్టుకున్నారు. నిజమైన లెక్కకే అంత హడలు. ఈ మైకువాడు గాల్లో కట్టిన పన్నెండు లక్షలకు రేపు ఎవరైనా వచ్చి కాగితాలు అడిగితే ఆవిడ ఎవరి పేరు చెప్పాలి?

ఇదే మైకు పట్టుకుని కార్పొరేట్ కాలేజీ యజమాని దగ్గరకు వెళ్లి "సార్, రోజుకెంత?" అనమనండి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డే సమాధానం చెప్పి పంపిస్తాడు.

మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం అమ్ముకునే ఆవిడ సంగతే చూడండి. ఏళ్ల తరబడి అక్కడే వండి పెట్టింది, ఎవరికీ అడ్డం రాలేదు. రెండు లివర్లు ఎక్స్‌ట్రా అని ఒక కస్టమరుకు బిల్లు చెప్పింది. అంతే, ఆ మాట వీడియోకెక్కింది, దానికి డీజే కొట్టి పెళ్లి ఊరేగింపుల్లో ఎగిరారు. తినడానికి వచ్చినవాళ్ల కన్నా తీయడానికి వచ్చినవాళ్లు ఎక్కువై రోడ్డు జామైంది. 2024 జనవరి ఆఖర్లో ట్రాఫిక్ పోలీసులు బండి ఆపించారు. ఏకంగా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటే గానీ మళ్లీ పొయ్యి వెలగలేదు. ఈలోగా ఆంధ్రాలో అప్పటి జగన్ ప్రభుత్వం ఇల్లిచ్చిందని ఆవిడ అన్న మాట పట్టుకుని రెండు పార్టీల సోషల్ మీడియా సేనలు కొట్టుకున్నాయి. ఒక పూట అన్నం అమ్ముకోవడానికి ముఖ్యమంత్రి జోక్యం కావాల్సి రావడమే వీళ్లు చేసిన సపోర్ట్.

ఆవిడకు ముఖ్యమంత్రి దొరికాడు. అందరికీ దొరకడు. ఢిల్లీ మాలవీయ నగర్‌లో బాబా కా ఢాబా ముసలాయన్ను 2020 అక్టోబరులో ఒక వీడియో రాత్రికి రాత్రి దేశానికి తాతయ్యను చేసింది. విరాళాలొచ్చాయి, వాటితోపాటు తగాదా వచ్చింది. వీడియో తీసినవాడి మీద పోలీసు ఫిర్యాదు, తర్వాత ఈయనే చేతులు జోడించి క్షమాపణ. డిసెంబరులో కొత్త రెస్టారెంటు తెరిస్తే ఖర్చులు రాక ఫిబ్రవరికల్లా మూతపడింది. మళ్లీ పాత డబ్బా కొట్టుకే వచ్చాడు. 2021 జూన్‌లో ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రి పాలయ్యాడు. కన్నీళ్ల ఎమోజీ పెట్టిన లక్షల మందిలో ఆ ఫిబ్రవరిలో అక్కడికి వెళ్లి పప్పన్నం తిన్నది ఎందరు?

2025 కుంభమేళాలో పూసలమ్మే పిల్ల కళ్లు బాగున్నాయని జనం ఎగబడితే, ఒక్క దండ అమ్మే సందు లేక ఇంటికి వెళ్లిపోయింది.

ఇక ఈ తర్వాతి సంగతిలో వ్యంగ్యం నా వల్ల కాదు. 2024 మార్చిలో, ఇంటి పట్టా వచ్చిందని కెమెరా ముందు మురిసిపోయిన ఒక ఇల్లాలిని మన తెలుగువాళ్లే రాయలేని మాటలతో ట్రోల్ చేశారు. కొద్దిరోజుల్లోనే ఆమె రైలు ఢీకొని చనిపోయింది. శవం ఇంటికి చేరకముందే చావుకు కారణం మీరంటే మీరని పార్టీలు మళ్లీ ట్రెండింగ్ మొదలుపెట్టాయి. ఆమె చేసిన నేరం నలుగురిలో సంతోషపడటం. దీన్ని వైరల్ అని ముద్దుగా పిలవడానికి సిగ్గుండాలి. నడిరోడ్డు మీద ఒక మనిషిని పట్టుకుని పదిమంది కొడితే పోలీసులు కేసు పెడతారు. పది లక్షల మంది కొడితే కంపెనీ ప్రకటనలు వేస్తుంది.

ప్రకటనలంటే గుర్తొచ్చింది. యూట్యూబులో మామూలు వీడియో మీద వచ్చే ప్రకటన డబ్బులో తీసినవాడికి నూటికి 55, కంపెనీకి 45. వందా సరిపోయింది. ఆ వీడియోలో ముఖం ఎవరిదో, పొయ్యి ఎవరిదో, వాళ్లకు సున్నా. రోజుకెంత వస్తదని అడగాల్సింది ఎవరు, ఎవరిని?

అంత సాయం చేయాలని చెయ్యి దురద పెడుతుంటే ఒక పని ఉంది. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో రాసి ఉంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని కూడా ఉంది. ఆ మైకు తీసుకెళ్లి మున్సిపల్ కమిషనరు ముందు పెట్టి, మన ఊళ్లో ఆ కమిటీ ఆఖరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి. ఈ మాట బండి దగ్గర రింగ్ లైటు సర్దుకుంటున్న ఒక కుర్రాడితో అంటే, ఓపిగ్గానే విన్నాడు.

"దానికి వ్యూస్ రావు అంకుల్" అన్నాడు.