నిద్ర ఎవరి పరిధి?

విజయవాడ దాటిన రైలు కొండపల్లి వదిలి మధిర చేరేలోపు రాష్ట్రం మారిపోతుంది. పైబెర్తు మీద గురక పెడుతున్నవాడికి ఆ సంగతి తెలియదు. వాడి దిండు కింద ఫోను లాగినవాడికి మాత్రం హద్దురాయితో సహా తెలుసు.

దేశంలోని ఠాణాలన్నిటినీ ఒకే కంప్యూటర్ వలలోకి తెస్తామని కేంద్రం సీసీటీఎన్ఎస్ పథకానికి 2009లో రూ.2,000 కోట్లు మంజూరు చేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ సంహిత ఇంకో మెట్టెక్కింది. దొంగతనం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలట. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెడితే చాలు. వినడానికి ఎంత హాయిగా ఉందో!

ఇక ఠాణా మెట్లెక్కండి.

‘‘ఎక్కడ పోయిందయ్యా?’’

‘‘నిద్రలో సార్.’’

‘‘నిద్ర ఏ స్టేషన్ పరిధి?’’

రైల్వే రక్షక దళం ఆర్పీఎఫ్‌ను అడిగితే కేసు రాయాల్సింది రైల్వే పోలీసు, అంటే జీఆర్పీ అంటుంది. జీఆర్పీని అడిగితే పక్క రాష్ట్రం జీఆర్పీ అంటుంది. ఆర్పీఎఫ్ కేంద్రానిది, జీఆర్పీ రాష్ట్రానిది, ఫోను ఒక్కటే మనది. సర్వర్ మాత్రం ఎవరిదీ కాదు. అందుకే అది ఎప్పుడూ డౌనే.

అయినా రైటరుగారు దయగల మనిషి. కంప్యూటర్ మీద కప్పిన తువ్వాలు కదలకుండా, దాని కింది నుంచి ఓ తెల్లకాగితం లాగి ముందుకు తోస్తారు.

‘‘దొంగిలించారని వద్దు. పోయిందని రాయి బాబూ.’’