టీకో థీము, థీముకో టీ

థీమ్ టీ అనేది ఈమధ్య పెద్ద హోటళ్లవాళ్లు కనిపెట్టిన ముచ్చట అనుకునేవాళ్లు జీవితంలో ఒక్క పీహెచ్‌డీ వైవాకైనా వెళ్లి ఉండరు. నేను ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. క్యాంపస్‌లో థీము లేని టీ తాగిన గుర్తు నాకు లేదు.

వైవా టీనే తీసుకోండి. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారి ముందు జీడిపప్పు ప్లేటు, డిపార్టుమెంటు వాళ్ల ముందు సమోసాలు, డబ్బులు పెట్టిన స్కాలరు ముందు ఖాళీ బల్ల. ఎవరైనా జాలిపడి అతని చేతిలో కప్పు పెట్టినా, "డాక్టర్" అనే మాట చెవిన పడేదాకా ఆ టీ గొంతు దిగదు. సెమినార్ టీది ఇంకో పద్ధతి. కీలకోపన్యాసం ఎంత గంభీరమైనదైనా వరండాలో కప్పులు గలగలమనగానే హాలు మొత్తానికి ఒకేసారి జ్ఞానోదయమవుతుంది. ఆహ్వానపత్రికలో ముఖ్య అతిథి పేరు చిన్న అక్షరాల్లో పడినా ఫరవాలేదు, కింద "హై టీ" అన్న ముక్క మాత్రం కనబడేలా ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఇక రిటైర్మెంట్ టీ థీము పొగడ్త. ముప్పై ఏళ్లు పలకరించనివాళ్లు కూడా ఆ రోజు "మేడం లేని డిపార్టుమెంటును ఊహించలేం" అంటారు. అంటూనే నా గది ఎవరికి వస్తుందో కిటికీవైపు చూసి కొలుచుకుంటారు.

ఇంత అనుభవం ఉన్నదాన్ని కాబట్టే, మా అక్క కూతురు వచ్చి "పిన్నీ, శనివారం మన డాబా మీద ఆఫ్టర్‌నూన్ టీ పెడుతున్నాను. థీమ్ ఇంగ్లిష్ గార్డెన్. పూల చీర కట్టుకోవాలి" అంటే నేనేం కంగారు పడలేదు.

"నా చీరలన్నీ పూలవేనే!"

"అయితే నువ్వు థీమ్‌లోనే పుట్టావు పిన్నీ" అంది.

ఈ పిల్ల హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది, తార్నాకలో మా పైఫ్లాట్లో ఉంటుంది. వారమంతా మెట్రోలో కూర్చుని టీల గురించి చదువుతుంది. ఆమె చెప్పిన చరిత్ర ప్రకారం ఈ వేడుకకు మూలపురుషుడు ఒక స్త్రీ. బెడ్‌ఫర్డ్ ఏడో డచెస్ ఆనా మరియా అనే ఆవిడ విక్టోరియా రాణి కొలువులో ఉండేది. 1840 ప్రాంతంలో అక్కడి గొప్పింటివాళ్లు రాత్రి ఎనిమిదికి గానీ భోజనానికి కూర్చునేవారు కాదు. నాలుగయ్యేసరికి ఆవిడకు నీరసం వచ్చేది. గదిలోకి టీ, రొట్టె, వెన్న తెప్పించుకునేది. ఒక్కతే తింటే బాగుండదని స్నేహితురాళ్లను పిలిచేది. అదే ఫ్యాషనైంది. మా అత్తగారు కూడా నాలుగింటికి మరమరాలు, వేరుశెనగపప్పు ముందేసుకుని ఇరుగుపొరుగును పిలిచేవారు. ఆవిడ డచెస్ కాకపోవడం వల్ల అది చరిత్రకెక్కలేదు.

శనివారం వచ్చింది. నెల మే. తార్నాకలో మే నెల నాలుగింటికి డాబా మీద ఇంగ్లిష్ గార్డెన్ అంటే ఎలా ఉంటుందో చూడాలి. తోటలో తులసి, కలబంద, కరివేపాకు, ఒక నందివర్ధనం. నీడకోసం కట్టిన షామియానా. మధ్యలో మూడంతస్తుల స్టాండు. కింది అంతస్తులో దోసకాయ శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లు, పైన కేకులు. కిందినుంచి పైకి తినుకుంటూ పోవాలట. మావారు పైనుంచి కిందికి దిగారు. షుగర్ ఉన్నవాళ్లకు నిషిద్ధమైనవన్నీ పై అంతస్తులోనే ఉన్నాయి, ఎవరైనా గమనించేలోపే పని ముగించాలనేది ఆయన వ్యూహం.

స్కోన్ మీద ముందు మీగడ రాయాలా, జామ్ రాయాలా అన్నది ఇంగ్లండులో పెద్ద తగువట. డెవన్ వాళ్లు ముందు మీగడ అంటారు, కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్ అంటారు. మా డాబా మీద ఆ తగువును ఎండే తీర్చేసింది. మీగడ కరిగి తనంతట తానే జామ్ కిందికి వెళ్లిపోయింది. డెవన్ గెలిచింది.

మా వీధి అతిథుల గురించి ఇక్కడ చెప్పాలి. తార్నాక, హబ్సిగూడ దారిలో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌ఐఎన్, ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు వరసగా ఉంటాయి. ఇటు ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాలు. వీటన్నిటిలో రిటైరైనవాళ్లు చుట్టుపక్కల వీధుల్లోనే స్థిరపడ్డారు. అందుకని మా వీధిలో పంపు చెడితే బాగుచేసేవాడు దొరకడు గానీ, ఎందుకు చెడిందో చెప్పేవాళ్లు నలుగురు దొరుకుతారు. ఆ నలుగురూ ఆ రోజు టీకి వచ్చారు. ఒక రసాయన శాస్త్రవేత్త, ఒక పోషకాహార నిపుణురాలు, రాళ్లను చదివే ఒకాయన, నా సహోద్యోగి అయిన చరిత్ర ప్రొఫెసరు. మా పిల్ల పాపం ప్రపంచంలోని రకరకాల టీలు రుచి చూపిద్దామని చిన్నచిన్న గాజు కప్పులు సర్దింది. వీళ్లు పరీక్షాధికారుల్లా కూర్చున్నారు.

మొదట డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్. చలికాలం పోయాక ఫిబ్రవరి చివర, మార్చిలో కోసే తొలి చిగురు. లేత బంగారు రంగు, పూల వాసన, నాలుక చివర కొంచెం వగరు. మన దేశంలో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన మొట్టమొదటి సరుకు డార్జిలింగ్ టీయేనని, అది 2004లో వచ్చిందని మా పిల్ల చెప్పింది. "మన హలీంకి 2010లో గానీ రాలేదు" అని చరిత్ర ప్రొఫెసరు గారు నిట్టూర్చారు. మావారు కప్పులోకి తొంగిచూసి "పాలెప్పుడు పోస్తారు?" అన్నారు. పోయరని తెలిశాక ఆయన మిగతా కార్యక్రమాన్ని కేకుల కోణం నుంచి మాత్రమే చూశారు.

రసాయనశాస్త్రం గారికి మాత్రం వేరే సందేహం. నీళ్ల వేడి ఎంత? ఆకు ఎన్ని గ్రాములు? టీ కాయడానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉందని, వంద మిల్లీలీటర్ల నీటికి రెండు గ్రాముల ఆకు వేసి ఆరు నిమిషాలు ఉంచాలని ఆయన వివరించారు. దీని ముందటి బ్రిటిష్ ప్రమాణానికి, టీ కాయడం ఎలాగో ఆరు పేజీల్లో రాసినందుకు, 1999లో సాహిత్యానికి ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారని కూడా చెప్పారు. అది వెటకారానికి ఇచ్చే బహుమతి అని ఆయనకు తెలుసు. అయినా నవ్వలేదు. ఆరు పేజీలు చాలవన్నది ఆయన అభిప్రాయం.

తరవాత అదే డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్. మే, జూన్ కోత. దీనికి మస్కటెల్ అనే ద్రాక్షపండు పరిమళం ఉంటుంది. అదెలా వస్తుందో విన్నాక నాకు ఈ టీమీద గౌరవం పెరిగింది. చిన్న పురుగు ఒకటి చిగురాకుల రసం పీలుస్తుందట. ఆ దెబ్బకు మొక్క ఆత్మరక్షణకోసం కొన్ని సుగంధ ద్రవ్యాలు తయారు చేసుకుంటుందట. మనం డబ్బు పోసి కొనేది ఆ వాసననే. ఆ పురుగు మన పత్తిచేలలో పడే పచ్చదోమకు దగ్గర చుట్టం. మా నల్లగొండ రైతు చేలో అది పడితే అప్పుచేసి మందు కొడతాడు, డార్జిలింగ్ తోటలో పడితే ధర పెంచుతారు. దోమకైనా పుట్టిన చోటు కలిసిరావాలి.

తెల్లటీ వచ్చింది. విప్పారని మొగ్గలతో చేసేది, అతి సుకుమారం. ఎంత సుకుమారమంటే చాలామందికి అది వచ్చి వెళ్లిన సంగతే తెలియలేదు. తరవాత చైనానుంచి లాప్సాంగ్ సూచాంగ్. ఫూజియన్‌లోని వూయీ కొండల్లో పైన్ కట్టెల పొగమీద ఆరబెట్టే టీ అది. మూత తియ్యగానే డాబా అంతా భోగి తెల్లవారుజాములా అయిపోయింది. పక్కింటావిడ గోడమీంచి "వదినా, ఏమైనా మాడిందా?" అని అడిగింది. ఆఖరుకు యునాన్‌నుంచి పూఅర్. పిడకల్లా చేసి ఏళ్ల తరబడి దాచే టీ ఇది, పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందట. "ఈ ఇంట్లో అలాంటి వస్తువు ఇదొక్కటే" అని మావారు నావైపు చూడకుండా అన్నారు.

అప్పటిదాకా మౌనంగా ఉన్న పోషకాహార నిపుణురాలు గొంతు సవరించుకున్నారు. ఆవిడ రిటైరైన జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, కథే చిత్రమైనది. అది 1918లో, అంటే ఉస్మానియా పుట్టిన ఏడాదే, నీలగిరి టీతోటల నడుమ కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడి చేతిమీదుగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పటి ఇఫ్లూకు మూలమైన ఇంగ్లిష్ సంస్థ కూడా 1958లోనే ఇక్కడ పెట్టారు. అలా ఒకే ఏడాది ఈ నగరానికి ఎలా మాట్లాడాలో చెప్పేవాళ్లు, ఏం తినాలో చెప్పేవాళ్లు కలిసివచ్చారు. టీతోటల్లో పుట్టిన ఆ సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఏమందీ? భోజనానికి గంట ముందు, గంట తరవాత టీ కాఫీలు వద్దు, అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు అంది. కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 దాటకూడదు అని కూడా అంది.

మా పిల్ల తడుముకోలేదు. "అదే కదా ఆంటీ! మధ్యాహ్న భోజనం అయి మూడు గంటలైంది, రాత్రి భోజనానికి ఇంకా నాలుగు గంటలుంది. డచెస్ గారు మీ సంస్థ మాట 1840లోనే పాటించారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మరి ఆ మూడంతస్తుల్లో ఉన్నదాన్ని ఏమంటారమ్మా?" అని ఆవిడ అడిగారు. జవాబు చెప్పడానికి ఎవరి నోరూ ఖాళీగా లేదు.

అప్పట్నుంచి శనివారానికో థీమ్ అయింది. నాకు మాత్రం ఆ శనివారాలు బాగా నచ్చాయి. ఇరానీ థీమ్ పెట్టినప్పుడు గిన్నె మూతకు పిండి అంటించి డికాషన్‌కు దమ్ పెట్టాం, పాలు విడిగా చిక్కగా మరిగించాం. ఉస్మానియా బిస్కెట్‌ను ఎంతసేపు ముంచితే మెత్తబడుతుంది, ఎంతసేపు ముంచితే కప్పు అడుగుకు చేరుతుంది అన్న విషయంమీద శిలాశాస్త్రం గారు అవక్షేప సిద్ధాంతం చెప్పారు. రుచి చూడటం ఒక అలవాటైపోయి, నా నాలుకకు చదువబ్బింది. ఆ చదువు పట్టుకుని ఓ ఉదయం క్యాంపస్‌లో నడకకు వెళ్లి, అలవాటైన బండి దగ్గర ఆగి, ఒక గుక్క నోట్లో తిప్పి, "బాబూ, ఇది ఏ తోట ఆకు?" అన్నాను.

"బేగంబజార్ మేడం. ఆడ తోటలెక్కడివి? దుకాణం ఉంటది" అన్నాడు.

చుట్టూ గ్రూప్స్‌కి చదివే పిల్లలు. ఒకడు నోటిఫికేషన్ గురించి, ఒకడు పెళ్లి సంబంధం గురించి, ఒకడు రాత్రి చూసిన సినిమా గురించి మాట్లాడుతున్నారు. చేతిలో ఉన్న టీ గురించి ఎవడూ ఒక్క ముక్క అనలేదు. నాకు తేడా అప్పుడు తెలిసింది. డార్జిలింగ్ కప్పు ముందు కూర్చుంటే మాటలన్నీ తన గురించే కావాలంటుంది. పక్కకు చూస్తే అలుగుతుంది, చల్లారిపోతుంది. 1930 ప్రాంతంలో అస్సాంలో మెకెర్చర్ అనే ఆయన కనిపెట్టిన సీటీసీ యంత్రంలో నలిగి, చిరిగి, చుట్టుకుని వచ్చిన ఈ బేగంబజార్ గుళిక మాత్రం, పాలు, పంచదార, అల్లం ఎన్ని వేసినా ఓర్చుకుని, మాట్లాడే హక్కును పూర్తిగా తాగేవాళ్లకే వదిలేస్తుంది. మొదటిది అతిథి, రెండోది ఇంటిమనిషి. అతిథి వస్తే సంతోషమే, వారానికి ఒకసారి.

వచ్చే శనివారం నిజాం థీమ్. యూనివర్సిటీ పెట్టిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి పేరుమీద. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంమీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా వెలసిన మనిషి కదా అని మా పిల్ల జరీ బల్లగుడ్డలు, వెండి కప్పులు, కుంకుమపువ్వు టీ, మళ్లీ ఆ మూడంతస్తుల స్టాండు సిద్ధం చేసింది. అతిథులు షేర్వాణీల్లో రావాలంది.

చరిత్ర ప్రొఫెసరు గారు ఒప్పుకోలేదు. "ఆయన పొదుపు గురించి ఊరంతా కథలే. థీమ్ అంటే థీమే. ఒక్కొక్కరికి ఒక కప్పు చాయ్, ఒక బిస్కెట్. షేర్వాణీ పాతదై ఉండాలి, మోచేతి దగ్గర చిరిగితే మరీ మంచిది" అన్నారు. ఇన్నాళ్లకు మావారు ఒక థీమును మనస్ఫూర్తిగా సమర్థించారు. ఆయన దగ్గరున్న చొక్కాలన్నీ ఆ లెక్కన రాజవంశానివే. పోషకాహార నిపుణురాలు కూడా ఆ మెనూకు ఆమోదముద్ర వేశారు. మా పిల్ల ఒక్కతే ఒంటరిగా మిగిలి, "సరే, మరి ఒక్క బిస్కెట్ ఏ అంతస్తులో పెట్టమంటారు?" అంది.

దానిమీద నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నారు. రెండు ఫ్లాస్కుల బేగంబజార్ ఇప్పటికే అయిపోయింది. మూడోది పొయ్యిమీద ఉంది.