బ్రోషర్‌లో లేని బజారు

అమీర్‌పేటలో ఏ విదేశీ చదువుల కన్సల్టెన్సీ గోడ చూసినా గోల్డెన్ గేట్ వంతెన ఫొటోయే. ఎర్రగా, ఠీవిగా. టెండర్‌లాయిన్ ఫొటో ఎక్కడైనా చూశారా? చూపిస్తే లోను ఫైలు కదలదు మరి! శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున, సిటీ హాలుకు కూతవేటు దూరంలో ఉన్న పేట అది. ఫుట్‌పాత్ మీద గుడారాలు, వాడి పారేసిన సూదులు, అట్టముక్కల మీద రాసుకున్న ఆకలి. ఇల్లు తాకట్టు పెట్టి పంపిన పిల్ల రాత్రి పదకొండింటికి పార్ట్‌టైమ్ ముగించుకుని నడిచేది అలాంటి దారిలోనే.

ఒకతను కాఫీ కప్పు చాస్తాడు. చిల్లర ఉందా అంటాడు. పిల్ల దగ్గరున్నది కార్డు. లేదంటుంది. అతను రెండడుగులు వెంట వస్తాడు. ఏదో గొణుగుతాడు. తనలో తను మాట్లాడుకుంటున్నాడా, ఈమెను తిడుతున్నాడా? తెలియదు. అతను ఏమీ చేయకపోవచ్చు. చాలామంది ఏమీ చేయరు కూడా. ఆ మాట దడదడలాడే గుండెకు ఎవరు చెప్పాలి? భయపడితే పేదల మీద దయలేదంటారు కొందరు క్యాంపస్ మేధావులు. వాళ్లు ఇంటికి కార్లో వెళ్తారు లెండి.

వాట్సాప్ గ్రూపులో సీనియర్ల ఉపదేశం రెడీ. కళ్లలోకి చూడకు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసెయ్. జేబులో ఇరవై డాలర్ల నోటు విడిగా ఉంచుకో, ఎవడైనా అడ్డగిస్తే ఇచ్చెయ్. పిల్ల చదువుకు పోయిందా, చంబల్ లోయకు పోయిందా?

మరి యూనివర్సిటీ వారు? ఫీజు కట్టించుకునేటప్పుడు ఎంత చురుకో! క్యాంపస్ పరిసరాల్లో ప్రమాదం ఉంటే హెచ్చరించాలని అక్కడ 1990 నుంచి క్లెరీ చట్టం ఉంది. చట్టం కాబట్టి తు.చ. తప్పకుండా మెయిల్ కొడతారు. అప్రమత్తంగా ఉండండి, గుంపుగా నడవండి అని. మెయిల్‌కు ఖర్చు లేదు. అర్ధరాత్రి షటిల్ బస్సు నడపాలంటే డ్రైవర్‌కు జీతమివ్వాలి కదా, పాపం!

సర్కారు సంగతి ఇంకా ఘనం. నిలువనీడ లేనివాళ్ల కోసమని కాలిఫోర్నియా ఐదేళ్లలో సుమారు 2,400 కోట్ల డాలర్లు గుమ్మరించింది. దేనివల్ల ఏం ఒరిగిందో సరిగా లెక్క చూసుకోలేదని 2024లో ఆ రాష్ట్ర ఆడిటరే తేల్చారు. 2,400 కోట్ల డాలర్లండీ! మన ఊరి చెరువు పూడికతీత బిల్లు కూడా ఇంతకన్నా పద్ధతిగా రాస్తారు.

ఇక న్యాయం. నలుగురిలో చెయ్యి చాచి అడగడం భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని అక్కడి కోర్టులు చాలాసార్లు చెప్పాయి. బయట పడుకుంటే మాత్రం ఊళ్లు జరిమానా వేసుకోవచ్చని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో తీర్పిచ్చింది. అంటే అడుక్కోవచ్చు. కునుకు తీయకూడదు!

పోనీ, ఎవరికీ చేతకాని పనా ఇది? 2023 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అపెక్ దేశాధినేతల సదస్సుకు చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వస్తున్నారనగానే ఏం జరిగింది? సభాస్థలి చుట్టుపక్కల గుడారాలు మాయం. వీధులు తళతళ. పెద్దలొస్తున్నారనే ఈ శుభ్రం అన్న మాట నిజమేనని గవర్నర్ న్యూసమ్ స్వయంగా ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి దండేయాలా, దండం పెట్టాలా?

నవ్వకండి. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వస్తున్నారని మనమేం చేశాం? బిచ్చమెత్తడాన్ని రెండు నెలలు నిషేధించాం. దొరికినవాళ్లను జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించాం. బిచ్చగాణ్ణి చూపిస్తే 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. ఆమె విమానమెక్కారు. ఇప్పుడు ఏ సిగ్నల్ దగ్గరైనా చూసుకోండి, చేతులు మళ్లీ అక్కడే. మనం కారు అద్దం ఎక్కించేస్తాం, పని అయిపోతుంది. అక్కడ మన పిల్లకు ఎక్కించుకోవడానికి అద్దం లేదు. నడుస్తోంది.

కాబట్టి అమ్మా, నాన్నా, ఈసారి కన్సల్టెన్సీకి వెళ్తే ర్యాంకింగు ఒక్కటే అడిగి రాకండి. గది నుంచి క్యాంపస్‌కు దారి ఎటు? ఆఖరి బస్సు ఎన్నింటికి? రాత్రి షటిల్ ఉందా, ఎక్కడిదాకా? గట్టిగా అడగండి. జవాబు తెలియదని నసిగితే కమీషన్ ఎంతో కూడా అడగండి. లోను కట్టేది మీరే.