నడమంత్రపు మాస్టారు

నడమంత్రపు సిరి గురించి మన పెద్దవాళ్ళు చాలానే చెప్పారు గాని, నడమంత్రపు చదువు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. చెప్పి ఉంటే మా బావగారు నలభై ఆరో ఏట బీఈడీలో చేరే ముందు కాస్త ఆగేవారు.

ఈ జాతి మనిషి మీ అపార్ట్‌మెంట్లోనూ ఒకరుంటారు, చూడండి. వయసు నలభై దాటుతుంది, యాభై నిండదు. మెడలో ఇరవై ఏళ్ళు కంపెనీ ట్యాగు వేలాడింది కదా, అన్నానికి కూర్చునేటప్పుడు దాన్ని భుజం మీదికి విసిరే అలవాటు పోదు. ట్యాగు లేదు, విసరడం మాత్రం ఉంది. చొక్కా జేబు అడుగున సుద్దపొడి. కొందర్ని కంపెనీ పొమ్మంది, కొందరు తామే వచ్చేశారు. ఎవర్నడిగినా "సంతృప్తి కోసం" అంటారు.

మా బావగారు తామే వచ్చేసిన రకం. మాదాపూర్‌లో డెలివరీ మేనేజరు. ఒక రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్ళతో కాల్‌లో ఉండగా కొడుకు వచ్చి లెక్క అడిగాడట. మైకు నొక్కేసి రెండు నిమిషాల్లో చెప్పారట. వాడు "ఓస్, ఇంతేనా!" అని వెళ్ళిపోయాడట. ఆ "ఇంతేనా" మా అక్క కొంప ముంచింది.

"ఇరవై ఏళ్ళలో ఏ క్లయింటూ నాతో ఇంతేనా అనలేదోయ్," అన్నారు బావగారు నాతో, గొంతు తడిగా.

ఈ బాపతు వాళ్ళందరికీ ఒక ఇష్టదైవం ఉంటుంది. కొందరికి సల్మాన్ ఖాన్. సినిమా ఆయన కాదు, హెడ్జ్ ఫండ్ ఉద్యోగం చేస్తూ 2004లో బంధువులమ్మాయికి దూరం నుంచి లెక్కలు చెప్పడం మొదలెట్టి, తర్వాత ఖాన్ అకాడమీ పెట్టినాయన. బావగారి దైవం మాత్రం లండన్ లూసీ కెల్లవే. ఫైనాన్షియల్ టైమ్స్‌లో ముప్పై ఏళ్ళు కాలమ్స్ అవీ రాసి, యాభై దాటాక లెక్కల టీచరవుతానని బయల్దేరిన ఆవిడ. తనలాంటి నడివయసు వాళ్ళను బళ్ళకు తేవడానికి 2016లో 'నౌ టీచ్' అనే సంస్థ కూడా పెట్టింది. ఆవిడ కథ బావగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీతో పాటు ఇస్తారు. ఆవిడ కొన్నాళ్ళకి లెక్కలు వదిలి బిజినెస్ స్టడీస్‌కి మారిందన్న సంగతి మాత్రం కాఫీలో కలవదు.

బీటెక్ వాళ్ళు కూడా ఎడ్‌సెట్ రాసుకోవచ్చు. రాశారు, సీటొచ్చింది. 2015 నుంచి బీఈడీ రెండేళ్ళయిందని మా అక్కకి ఫీజు కట్టాక తెలిసింది. క్లాసులో పిల్లలందరికీ ఇరవై రెండూ ఇరవై మూడేళ్ళు. మొదటిరోజు బావగారు గుమ్మంలో కనిపించగానే అందరూ లేచి నిలబడ్డారట. కొత్త లెక్చరరనుకున్నారు. నిజం తెలిశాక కూర్చుని, ఆ మర్నాటి నుంచి "అంకుల్" అన్నారు.

అక్కడ మైక్రో టీచింగ్ అని ఒక తంతు ఉంది. ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి, ఆరు నిమిషాలు విమర్శ వినాలి, పన్నెండు నిమిషాల్లో పాఠం మళ్ళీ అల్లుకోవాలి, తిరిగి ఆరు నిమిషాలు చెప్పాలి, మళ్ళీ ఆరు నిమిషాలు తిట్లు తినాలి. వెరసి 36. పిల్లలుగా తోటి విద్యార్థులే నటిస్తారు, అదీ ప్రాణం పెట్టి. ఆరడుగుల మీసాల కుర్రాడొకడు లేచి, "అంకుల్... కాదు సార్, ఇది నా పెన్సిల్ లాక్కుంది సార్" అని ఏడుపు గొంతు పెడతాడు. ఆ రోజు బావగారు చూపించాల్సిన నైపుణ్యం ఉన్ముఖీకరణం. అంటే పిల్లల మనసు పాఠం వైపు తిప్పడం. బావగారు గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్ టీమ్. ఇవాళ మన ముందు మూడు అంశాలున్నాయి. ప్రశ్నలు చివర్లో తీసుకుందాం," అన్నారు.

లెక్చరర్ మేడమ్ కళ్ళజోడు తీసి అడిగారట: "సార్, మీరు వీళ్ళని ఉన్ముఖీకరిస్తున్నారా, ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నారా?"

ఇంకో పక్క పిల్లల మనస్తత్వశాస్త్రం. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. నెల రోజులు చదివి, "పుస్తకం సగమైందోయ్, పిల్లాడు ఇంకా రాలేదు," అన్నారు. పియాజే వచ్చేదాకా ఆ జూలోనే తిరిగారు పాపం.

టెట్ సంగతి చెబితే కళ్ళు చెమరుస్తాయి. రెండో పేపర్లో 150 మార్కులుంటే లెక్కలకీ సైన్సుకీ కలిపి 60. తతిమ్మా 90 తెలుగు, ఇంగ్లిషు, ఆ జంతువులు. బావగారిది చిన్నప్పట్నుంచీ కాన్వెంటు చదువు. రాత్రి పదింటికి ఫోన్ చేసి, "ఏవయ్యా, నువ్వు పత్రికలకి రాస్తావుగా, ఉత్వ సంధి ఎప్పుడు నిత్యం?" అని అడిగేవారు. నెట్‌వర్క్ సరిగా లేదని పెట్టేసేవాణ్ణి. రచయితలకి కూడా పరువుంటుంది.

ఇదంతా ఒక ఎత్తు, ఇంటర్న్‌షిప్ ఒక ఎత్తు. రెండేళ్ళలో మొత్తం ఇరవై వారాలు బళ్ళో గడపాలి. ఊరి బయట జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి తెలుగు మీడియం ఇచ్చారు. మొదటి అధ్యాయం వాస్తవ సంఖ్యలు. ఆఫీసులో వందమంది ముందు గంటసేపు తొణక్కుండా మాట్లాడిన మనిషి, ఇక్కడ నలభై రెండు మందికి వీపు చూపించి బోర్డు మీద రాయబోతే సుద్దముక్క మూడుసార్లు విరిగింది. రాసిన వాక్యం ఎడమ పక్క మొదలై కుడి పక్కకి వచ్చేసరికి జానెడు పైకి ఎగబాకింది, లాభాల్లో ఉన్న షేరు గ్రాఫులాగా. ఆ వాక్యం ఇది: "పై ఒక అకరణీయ సంఖ్య."

మూడో బెంచీలో రెండు జడల పిల్ల లేచింది. "సార్, పై కరణీయ సంఖ్య సార్."

బావగారు నవ్వారు. క్లయింటుతో నవ్వే నవ్వు. అకరణీయం అంటే కానిది, ముందు 'అ' ఉందంటే వ్యతిరేకమేనమ్మా, అని సావధానంగా వివరించారు. ఆయన బుర్రలో ఇర్రేషనల్‌లో 'ఇర్' ఉన్నట్టే అకరణీయంలో 'అ' ఉంది.

"కరణి ఉంటే కరణీయం, లేకుంటే అకరణీయం సార్. మా మేడమ్ చెప్పింది."

నిజమే మరి. రూట్ రెండు లాంటిది కరణి. ఆ పేరు మీదే కరణీయం అంటే ఇర్రేషనల్, అకరణీయం అంటే రేషనల్. మన తెలుగు పుస్తకం 'అ'ని అవతలి గట్టున పెట్టింది. బావగారు దిద్దుకున్నారో లేదో, వెనక బెంచీ నుంచి ఇంకోడు:

"మరి 22 బై 7 అంటరు గద సార్. అది పీ బై క్యూ లెక్కనే ఉంది. గట్లయితే అకరణీయమే గద?"

"అది సుమారు విలువ నాన్నా."

"మేం సుమారు అని రాస్తే మార్కులు కోస్తరు గద సార్?"

బెల్లు కొట్టింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ఎస్కలేషన్ కాల్ నుంచీ తనని అంత సమయానికి ఎవరూ కాపాడలేదని బావగారు ఒప్పుకున్నారు.

ఆ రాత్రి నిద్రపోలేదు. ఆర్యభటుణ్ణి లేపారు. వ్యాసం 20000 అయితే చుట్టుకొలత 62832 అని చెప్పిన ఆయనే అది 'ఆసన్నం', అంటే దగ్గరి విలువ మాత్రమే అన్నాడని తెలిసి పొంగిపోయారు. పై కరణీయమని 1761లో లాంబర్ట్ నిరూపించిన సంగతీ పట్టుకున్నారు. తెల్లారేసరికి నలభై ఎనిమిది స్లైడ్లు. బడిలో ప్రొజెక్టర్ పనిచేయదని ఎనిమిదింటికి హెచ్చెమ్ ఫోన్లో చెప్పారు. బావగారు కాసేపు గోడకేసి చూసి, మా అక్క గాజుల పెట్టె, పూలు కట్టే దారం రీలు సంచీలో వేసుకుని వెళ్ళిపోయారు. అన్నం క్యారేజీ మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. అలా నేను ఆ క్లాసు కిటికీ దగ్గర నిలబడాల్సి వచ్చింది.

గాజు చుట్టూ దారం చుట్టి చుట్టుకొలత, అడ్డంగా స్కేలు పెట్టి వ్యాసం, దీన్ని దానితో భాగించడం. అంతే పని. గాజులు పద్దెనిమిది, చేతులు ఎనభై నాలుగు. సంత. ఒకడికి 3.3 వచ్చింది, ఒకడికి 3.4. కారణం రెండు జడల పిల్లే పట్టింది: దారం గాజు బయట చుడుతున్నారు, స్కేలు లోపల పెడుతున్నారు, మధ్యలో గాజు మందాన్ని మరిచిపోతున్నారు. వెనక బెంచీవాడికి 2.8. వాడు బావగారి దారం కాదని లాగులోంచి పీకిన ఎలాస్టిక్‌తో కొలిచాడు. సాగదీసి చుట్టి, వదిలేశాక కొలిస్తే తగ్గదూ మరి!

బావగారు బల్ల మీద కొట్టలేదు, "టీమ్" అనలేదు. వాడి పక్కన నేల మీద గొంతుక్కూర్చుని ఆ ఎలాస్టిక్ తాము కూడా లాగి చూస్తున్నారు. నేను క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను. సాయంత్రం దాకా అది అక్కడే ఉందట.

ఇప్పుడాయన మా అక్కని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా కొత్తగా చూస్తున్నారు. రెండెనిమిది సైజు అంటే రెండంగుళాల ఎనిమిది పదహారో వంతులు, అంటే రెండున్నర అంగుళాల లోపలి వ్యాసం అన్న సంగతి గాజుల కొట్లో తెలిసినప్పట్నుంచి, పేరంటాలకి వచ్చినవాళ్ళ చేతులు కూడా అదే చూపుతో చూస్తున్నారు. అక్క నన్ను పిలిచి మందలించమంది.

నేనేం మందలిస్తాను! పెట్టెలో మిగిలిన గాజులు పదకొండు. మీ ఇంట్లో వేసుకోని పాత గాజులుంటే పంపించండి. రెండు పది సైజయితే మరీ మంచిది, కొలవడానికి వీలుగా ఉంటుందట. మట్టి గాజులు వద్దన్నారు, పగులుతున్నాయి.