పటం గారూ, పక్కాయన బోర్లూ లెక్కపెట్టండి

మహారాజశ్రీ భూగర్భ జలాల పటం గారి సముఖమునకు,

అనంతపురం వైపు మెట్ట రైతు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

బోరు ఎక్కడ వేయాలో చెప్పే పదవిలో తమరికి ముందు కొబ్బరికాయ ఉండేది. దాన్ని అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలమంతా తిరుగుతారు. ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ పాయింటు. ముగ్గుపిండితో గుర్తు పెట్టి, దక్షిణ పుచ్చుకుని పెద్దమనిషి వెళ్లిపోయేవాడు. తర్వాత తమిళనాడు నుంచి బోరు బండి వచ్చి రాత్రంతా బండను తొలిచేది. తెల్లారేసరికి చెట్ల ఆకుల మీద బూడిదరంగు దుమ్ము, మా చేతిలో బిల్లు మిగిలేవి. అయినా కొబ్బరికాయ మీద ఎవరికీ కోపం రాలేదు. అది ఏనాడూ ఎవరినీ వద్దనలేదు మరి. కంప్యూటరు లెక్క కట్టి రంగులు వేసే తమరు మాత్రం వద్దంటారట.

అనండి. ఎవరో ఒకరు అనాల్సిందే. 2002లో నీరు, నేల, చెట్ల చట్టం, అదే వాల్టా, వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు కొత్తది వేయకూడదు అన్నారు. బాగానే ఉంది. ఆ దూరం టేపు పట్టి కొలవచ్చు. కానీ వాగుకు అటూ ఇటూ ఉన్న బోర్లన్నీ కలిసి ఎంత తోడుతున్నాయో టేపుకేం తెలుసు? ఏ దరఖాస్తుకు ఆ దరఖాస్తు విడిగా చూస్తే ప్రతి బోరూ పాపం ఎరగనిదే.

తమరి అవసరం అక్కడే పడింది. తమరి వంశం సంగతి కొంత విన్నాను. 1935లో థీస్ అనే అమెరికన్, ఘనపదార్థాల్లో వేడి పాకే లెక్కను నీళ్లకు పట్టుకొచ్చాడు. ఒక బావి తోడుతుంటే చుట్టూ మట్టం రోజురోజుకీ ఎంత దిగుతుందో సూత్రం రాశాడు. 1984లో అమెరికా జియలాజికల్ సర్వే మోడ్‌ఫ్లో అనే ప్రోగ్రాం తెచ్చింది. అది నేలను గళ్లుగా విడదీసి, ఏ గడిలోకి ఎంత ఇంకింది, ఎంత తోడారు, పక్క గడికి ఎంత జారింది అని లెక్క కడుతుంది. డబ్బులు కట్టక్కర్లేదు కూడా.

అయితే థీస్ గారి సూత్రంలో నేల అంతటా ఒకే తీరున, అంతులేకుండా పరుచుకుని ఉంటుంది. మాది అలాంటి నేల కాదు. పైన మొరం, కింద గ్రానైటు బండ, బండలో అక్కడక్కడ నెర్రెలు. నెర్రె తగిలితే రెండించుల నీళ్లు. ఇరవై గజాల అవతల అంతే లోతు వేసినా దుమ్మే. కాబట్టి నా చేనులో నీళ్లు పడతాయో లేదో జోస్యం చెప్పకండి, ఆ ఉద్యోగం కొబ్బరికాయకే వదిలేయండి. పడితే అవి ఎవరి బోరులోంచి తగ్గుతాయో, ఈ వాగు కింద మొత్తం మీద ఎన్ని మిగులుతాయో చెప్పండి చాలు.

తమరికి పెట్టే మేత మీద కూడా నాకు అనుమానమే. మా వైపు చాలా బోర్లకు మీటరు లేదు. ఆంధ్రలో 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. లైను ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తిరిగేలా ఆటోస్టార్టరు బిగించి నిద్రపోతాం. ఎన్ని గంటలు తోడామో మాకే తెలియదు. ఎండిపోయిన బోరు రికార్డులో బతికే ఉంటుంది, ఊట ఉన్నది రికార్డుకు ఎక్కనే ఎక్కదు. ఈ లెక్కలు మింగి తమరు దశాంశాలతో సహా జవాబు చెబుతుంటే కాస్త జంకుగానే ఉంటుంది.

ఇక తమరి మీది రంగుల దగ్గరికి వస్తాను. ఏటా తోడుకోదగిన నీటిలో 70 శాతం లోపు వాడితే సురక్షితం, నూరు దాటితే మితిమీరిన వాడకం, అంటే ఎరుపు. మా ఊరు నూరు దాటిందనే అనుకోండి. కొత్త బోరు వద్దంటారు. ఎవరిని? ఆఖర్న వచ్చినవాణ్ణి. ఎకరన్నర పెట్టుకుని, ఇన్నాళ్లూ చేతిలో డబ్బు లేక బోరు జోలికి పోనివాణ్ణి. ముందే నాలుగు బోర్లు దింపి ఎండాకాలం కూడా వరి నాటే పక్కాయనకు తమరి ఎరుపు అంటదు. పైగా ఆయనకు పోటీ తగ్గుతుంది. నూరు దాటించింది ఆయనైనా, వద్దనే కాగితం మాత్రం నాకొస్తుంది.

తమరికి చేతకాక కాదు, తమరిని అడిగేవాళ్లు సగమే అడుగుతున్నారు. నా కొత్త బోరు వద్దంటే అయిదేళ్లకు మట్టం ఎంత నిలుస్తుందో ఒకసారి నడపండి. పక్కాయన వరి మాని డ్రిప్పు మీద వేరుశనగ వేస్తే ఎంత నిలుస్తుందో ఇంకోసారి నడపండి. తమరికిది మీట నొక్కే పనే కదా!

ఈ లెక్క మాకు కొత్తేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో నడిచిన, రైతులే భూగర్భ జలాలను చూసుకునే ఏపీఎఫ్ఏఎంజీఎస్ ప్రాజెక్టులో అనంతపురం, కడప, నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల రైతులు వానను, బోర్లలో మట్టాన్ని తామే కొలిచారు. రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్న సార్లు ఆ రైతులను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే తమరి మేత కొంచెం శుభ్రపడుతుంది.

నన్ను కాదంటే కాదనండి. ఆ కాగితం మీద మాత్రం ఏ సంవత్సరపు కొలతలు వాడారో, మా గడిలో ఎన్ని బోర్లు లెక్కలోకి తీసుకున్నారో, అందులో ఎవరు ఎంత తోడుతున్నారో తెలుగులో రాయించండి. ఒక నకలు పక్కాయనకూ పంపండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎర్ర గడిలోని దరఖాస్తుదారు