మైకులకు మనిషి దొరకాలంటే

మన మీటింగ్ హాలులో బల్ల పొడవునా ఒకే వరసలో 8 మైకులు బిగించుకున్నాం. మాట ఒక మైకుకు ముందు, పక్కదానికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను బట్టే మాట్లాడేవాళ్ళు ఏ వైపున్నారో యంత్రం లెక్కగడుతుంది. 20 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మైకుల మధ్య ఆ తేడా 0.6 మిల్లీసెకను కూడా దాటదు. ఇంత సున్నితమైన పనికి ప్రోగ్రాము మార్చమని అందరూ అంటారు. నేను మాత్రం హాలునూ, మనుషులనూ మార్చుకోమంటాను.

1. బొంతలు పరవండి. గ్రానైటు నేల, గాజు గోడలు మాటను తిప్పికొడతాయి. ఆ ప్రతిధ్వని బలంగా ఉంటే యంత్రం గోడవైపు మనిషి ఉన్నాడనుకుంటుంది. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట ఐదున్నర సెకన్లు మోగుతుండేది. వాలెస్ సేబిన్ అనే ఆచార్యుడు శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు తెప్పించి, రాత్రిళ్ళు కొలతలు తీశాడు. మెత్తలు నిండా పరిచేసరికి మోత సెకను పైచిలుకుకు దిగింది. మన సభ్యులు తలా రెండు బొంతలు తెస్తే చాలు.

2. ఫ్యాన్లు ఆపేయండి, మే నెలయినా సరే. ఒకేచోట నుంచి ఆగకుండా మోగేదాని వైపే యంత్రం మొగ్గుతుంది. చేతిరుమాళ్ళు తెచ్చుకోండి. విసనకర్రలు వద్దు, అవీ చప్పుడే. వేడి ఒక్కో సెల్సియస్ డిగ్రీ పెరిగినకొద్దీ ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది కనుక గోడకో థర్మామీటరు తగిలించి, ఆ వేడిని యంత్రం లెక్కలో కలపండి.

3. బల్లకు ఒక పక్కనే కూర్చోండి. ఒకే గీతమీదున్న మైకులకు ముందూ వెనకా తేడా తెలియదు. చోటు చాలకపోతే, ఎంత పెద్దవారైనా సరే, ఆ పక్కనే నిలబడాలి.

4. నోరు తెరిచేముందు ఒక్క చప్పట కొట్టండి. గోడను తాకి వచ్చేది చుట్టుదారి. నేరుగా వచ్చే శబ్దమే ఎప్పుడూ ముందు చేరుతుంది. చప్పట మొదలు పదునుగా ఉంటుంది కాబట్టి ఆ తొలి చేరిక తేలిగ్గా దొరుకుతుంది. మెల్లగా రాగం తీస్తూ మాట మొదలుపెట్టే అలవాటు మానుకోండి.

5. చప్పట కొట్టాక కదలకండి, పక్కకు తల తిప్పకండి. ముఖం గోడవైపు తిరిగితే నేరుగా వచ్చే మాట సన్నగిల్లి, గోడ మాటే గట్టిగా వినబడుతుంది. పక్కవాళ్ళు అడిగినా మైకులవైపే చూస్తూ జవాబివ్వండి.

సేబిన్ మెత్తలు మోయించడానికి వెనకాడలేదు. మనకెందుకు మొహమాటం? వచ్చే మీటింగుకు బొంతలు మరిచిపోకండి.