దుబాయి టైము

స్మార్ట్ ఇల్లు అనే మాట ఈమధ్య వినపడుతోంది గానీ, ఇందూరు జిల్లా రైతుకు ఆటోమేషన్ కొత్తేమీ కాదు. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతటదే నడవాలని బావి దగ్గరి డబ్బాకు ఆటో స్టార్టర్ ఎప్పుడో తగిలించుకున్నాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, భూమిలో నీళ్లు అడుగంటుతాయి, ఆ స్టార్టర్లను పీకెయ్యండని సర్కారే బతిమాలుకోవాల్సి వచ్చింది. అందుకే ధర్పల్లిలో ఫోన్‌తో వెలిగే లైటును చూసి ఎవరూ నోరు తెరవరు. వెలగనప్పుడు మాత్రం ఒక మెకానిక్కును పిలుస్తారు.

అతడి తండ్రి బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో వైర్‌మన్. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక కుటుంబం సామాను సర్దుకుని ఇటు వచ్చేసింది. కొడుకు మోటారు వైండింగుతో మొదలుపెట్టి, కెమెరాలూ వైఫై స్విచ్చులూ నేర్చుకుని, ఇప్పుడు గల్ఫ్ సామానుకు డాక్టరు అనిపించుకున్నాడు.

గల్ఫ్ సామాను రోగాలు వేరే. దుబాయి ప్లగ్గుకు చదరపు పిన్నులు మూడుంటాయి, ఇంగ్లీషు దొరల పద్ధతి. మన సాకెట్లో అవి దూరవు. మధ్యలో కన్వర్టర్ పిన్ను పెడతారు, అది వదులై చిటపటమంటుంది, వైఫై పాడైందని దుబాయికి ఫోను పోతుంది. స్మార్ట్ స్విచ్చు లైటు ఆర్పినప్పుడు కూడా లోపల మేలుకునే ఉండాలి కాబట్టి చాలావాటికి న్యూట్రల్ వైరు కావాలి. పాత ఇళ్లలో చాలా బోర్డులకు ఫేజు ఒక్కటే దిగి ఉంటుంది. ఈ చవక బల్బులకు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలే అందుతుంది. రౌటరు 5 గిగాహెర్ట్జ్ ఒక్కదాని మీదే నడుస్తుంటే బల్బు ఎంత వెతికినా దొరకదు. పక్కింటివాళ్లు వాడుకుంటున్నారని పాస్‌వర్డ్ మార్చేస్తారు, మర్నాడు ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి మూగబోయాయని గొల్లుమంటారు.

ఏ ఇంటికి పోయినా అతడు ముందు అడిగే మాట ఒక్కటే. ఏం చెడిందని అడగడు. "ఏం మారింది?" అంటాడు. పెద్ద కంపెనీల సర్వీసు సెంటర్ల వాళ్లు ఫోన్లో అరగంట అడిగే ప్రశ్నలన్నిటికంటే ఇది మేలని నా నమ్మకం.

రామడుగు ప్రాజెక్టు దారిలో ఒక ఇల్లు. కొడుకు దుబాయిలో కట్టడాల పనికి పోయాడు. ఇంట్లో తల్లి, భార్య, బడికి పోయే పిల్ల. కిందటి సెలవుకు వచ్చినప్పుడు ఒక స్మార్ట్ ప్లగ్గు, ఒక కెమెరా తెచ్చి బిగించి పోయాడు. యాప్ అతడి ఫోన్లోనే. వాకిట్లో లైటు సాయంత్రం ఆరున్నరకు వెలగాలని అక్కడి నుంచే పెట్టాడు. ఆ లైటేమో రోజూ ఎనిమిదింటికి వెలుగుతోంది.

మెకానిక్కు వచ్చాడు. కన్వర్టర్ పిన్ను మార్చాడు, రౌటరును ఆర్పి వెలిగించాడు, ప్లగ్గును కొత్తగా జత చేయించాడు. అయినా ఎనిమిదే. పక్కన నిలబడి గడియారం చూశాడు. ఒక నిమిషం ముందు గానీ వెనక గానీ లేదు. అప్పుడు నవ్వొచ్చింది. చెడిపోయిన వస్తువు ఒకరోజు ఇట్లా, ఒకరోజు అట్లా చేస్తుంది. ఇది తప్పు కూడా లెక్కప్రకారం చేస్తోంది. దుబాయి మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతర్ అయితే రెండున్నర గంటలు. కొన్ని యాప్‌లు టైమరు పెట్టినప్పుడు ఫోను ఏ దేశంలో ఉంటే ఆ దేశపు గడియారాన్నే పట్టుకుంటాయి. ఫోను దుబాయిలో ఉంది, దానికి ఆరున్నరంటే దుబాయి ఆరున్నరే.

"నీ కొడుకును యాప్‌ల టైమ్‌జోన్ మార్చుమని చెప్పు అవ్వా" అని విడమరిచి చెప్పాడు.

ముసలామె కాసేపు ఆలోచించింది. "అంటే గిది నా కొడుకు గడియారమా?"

"అవునవ్వా. ఆడ ఆరున్నర గొడితె ఈడ వెలుగుతది."

"అయితే ఉండనీ. ముట్టుకోకు."

ఆనాటి నుంచి ఆ వీధిలో అందరికీ ఆ లైటు సంగతి తెలుసు. ఎనిమిదింటికి వెలగ్గానే, "నా కొడుకు డ్యూటీ దిగిండు" అని ముసలామె అరుగు మీది నుంచి లేచేది. అప్పటిదాకా కోడలు అన్నం పెడతానన్నా తినేది కాదు.

2024 కార్తీకం వచ్చింది. పొద్దు జల్దీ గూకుతోందని తల్లి ఫోన్లో అంటే, కొడుకు టైమరును ఆరింటికి జరిపాడు. రెండు రోజులకు మెకానిక్కుకు ఫోను.

"బిడ్డా, లైటు ఖరాబైంది."

"వెలుగుతలేదా అవ్వా?"

"వెలుగుతుంది. ఆరింటికి పెట్టిండు, ఆరింటికే వెలుగుతుంది."

"మరింక ఖరాబేంది?"

"నువ్వయితే రా. పొద్దుగాల రా."

పోయాడు. కోడలు చుట్టిన బీడీలు కట్టలు కట్టుకుని కార్ఖానాకు పోయింది, పిల్ల బడికి పోయింది. అలవాటు కొద్దీ "ఏం మారింది?" అన్నాడు. ముసలామె గోడ మీది కెమెరా వైపు ఒకసారి చూసి, చెయ్యి పట్టుకుని పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయింది. కెమెరాకు చెవులు కూడా ఉంటాయని అతడే ఒకనాడు చెప్పాడు.

"ఏం మారిందని అడుగుతవేంది? వాడు మన గడియారంలకు వచ్చిండు."

మెకానిక్కుకు నోట మాట రాలేదు. ఆ సెప్టెంబరు నుంచి యూఏఈ క్షమాభిక్ష నడుస్తోంది. వీసా చెల్లక దాక్కుని బతికినవాళ్లు, ఇక్కడి మాటలో ఖల్లివల్లి అయినవాళ్లు, జరిమానా లేకుండా ఔట్‌పాసు తీసుకుని విమానం దిగుతున్నారు. దిగిన ప్రతివాడూ ఇంటికే పోవాలని లేదు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు వాకిట్లో కూర్చుని ఉంటుంది.

"ఎప్పుడొచ్చిండో, ఏడ ఉన్నడో. ఫోన్ జేస్తె డ్యూటీల ఉన్న అంటడు. అననీ" అంది ముసలామె. "నా ఫికరంత కోడలిదే. సదువుకున్న పిల్ల, ఇయాల గాకుంటె రేపు లెక్క జేస్తది. గుండె పలిగి సస్తది. దానికి దెల్వకముందే లైటును ఎప్పటి లెక్క లేటు జెయ్యి."

యాప్ కొడుకు చేతిలో ఉంది కాబట్టి అటునుంచి చేసేదేమీ లేదు. మెకానిక్కు బండి డిక్కీలోంచి గుండ్రటి డయల్ ఉన్న పాతరకం టైమరు తీశాడు. పందిళ్ల సీరియల్ బల్బులకు వాడుకునేది. దాన్ని పక్క సాకెట్లో పెట్టి, లైటును స్మార్ట్ ప్లగ్గు నుంచి తీసి దానికి తగిలించి, ఏడున్నరకు తిప్పాడు. ఇక ఆరింటికి ప్లగ్గు ఆన్ అవుతుంది, కొడుకు ఫోన్లో లైటు వెలిగినట్టే కనిపిస్తుంది, వాకిట్లో మాత్రం ఏడున్నరదాకా చీకటే. ఇంటర్నెట్టు అక్కర్లేని ఇలాంటి డయల్ టైమరంత బుద్ధిగల వస్తువు స్మార్ట్ సామానులో నాకింతవరకు కనబడలేదు. ఒక్కటే చిక్కు. కరెంటు పోయినంతసేపూ దాని గడియారం కూడా ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది.

"అప్పుడప్పుడు వచ్చి సరిజేస్త అవ్వా. లేకుంటె మెల్లగ నీ కొడుకు దుబాయి నుంచి సౌదీకి పోయిండంటరు."

ముసలామె నవ్వలేదు. కొంగు ముడి విప్పి ఐదువందల నోటు చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. "పని జేసినవ్, పైసలు దీస్కో. కోడలు చెవులవడనియ్యకు."

ఊరి మొదట్లో, కార్ఖానా నుంచి వస్తూ కోడలు ఎదురుపడింది. ఖాళీ బీడీ చాట ఒక చంకలో, తునికాకు కట్ట ఇంకో చంకలో. చెయ్యి అడ్డంపెట్టి బండి ఆపింది.

"అన్నా, నీకే ఫోన్ జేద్దామనుకుంటున్న. మా ఇంట్ల లైటు జర చూడాలె."

"ఏమైంది చెల్లె?"

అటూ ఇటూ చూసింది. "ఆయన వచ్చి నెల దాటింది. పట్నంల వాచ్‌మన్ పని జేస్తున్నడు. అప్పు తీరినంకనే ఊర్ల మొకం సూపిస్త అన్నడు. అవ్వకు చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు. గీ లైటు సంగతి మాకిద్దరికి తట్టలేదు. ఇప్పుడు ఆరింటికే వెలుగుతుంది. అవ్వ ఇంకా కనిపెట్టలేదు గానీ, కనిపెట్టిందంటె ఆమె బతుకది అన్నా. నువ్వు జర దాన్ని మళ్ల లేటు జెయ్యి."

అంటూనే జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, మడత విప్పి, ఐదువందల నోటు అతడి చేతిలో పెట్టింది. బీడీల పైసలని తెలుస్తూనే ఉంది. వెనక్కిస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. జేబులో అప్పటికే ఒక నోటుంది.

తీసుకున్నాడు.

"ఇయాల్నే చూడు చెల్లె. ఏడున్నరకు వెలుగుతది."

"ఇయాల్నేనా?" అంది ఆమె గాబరాగా. "అవ్వ ఇల్లు కదలదు గదన్నా. ఆమెకు దెల్వకుంట ఎట్ల జేస్తవ్?"